ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్: ఇంట్లో ఎంత, బయట ఎంత? హైదరాబాద్‌లో లెక్క వేసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కారు నడిపే నలుగురిని కిలోమీటరుకు ఎంత పడుతోందని అడిగి చూడండి. ఒకరు రూపాయి అంటారు, ఒకరు రూపాయిన్నర అంటారు, మరొకరు మూడున్నర అంటారు. ఎవరి ఛార్జింగ్ ఎక్కడ జరుగుతోందన్న దాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. బయట ఛార్జ్ చేసేవాళ్లకు తమ ఖర్చు బాగానే తెలుసు. యాప్‌లో డబ్బు కట్ అయిన ప్రతిసారీ మెసేజ్ వస్తుంది. ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాళ్లకే అసలు ఖర్చు తెలియదు. అది ఇంటి కరెంటు బిల్లులో ఫ్రిజ్‌తో, గీజర్‌తో కలిసిపోతుంది. ఆ కలిసిపోయిన అంకెను విడదీయడమే ఈ లెక్కలో కీలకం. విడదీసి చూస్తే, చాలామంది అనుకునే దానికంటే ఇంటి యూనిట్ ఖరీదు ఎక్కువే ఉంటుంది. అయినా బయటి ఫాస్ట్ ఛార్జర్‌తో పోలిస్తే సగం కూడా ఉండదు.

కారు ఇంకా కొనకపోయినా ఈ లెక్క వేయవచ్చు. కొనేముందే వేసుకోవడం ఇంకా మంచిది. కావలసినవి మూడు: గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, నెలకు మీరు తిరిగే కిలోమీటర్లు, ఒక యూనిట్‌కు కారు ఎంత దూరం వెళ్తుందన్న అంకె. బిల్లులు దాచకపోతే కరెంటు సరఫరా చేసే సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లోనో, యాప్‌లోనో మీ సర్వీసు నంబరుతో పాత వినియోగం చూసుకోవచ్చు.

మొదటి పని: కారుకు నెలకు ఎన్ని యూనిట్లు కావాలి

కిలోవాట్ అవర్ అన్నా, మన బిల్లులో ఉండే యూనిట్ అన్నా ఒకటే. 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ అంటే 45 యూనిట్లు పట్టే బ్యాటరీ అన్నమాట. టాటా నెక్సాన్‌లో 30, 45 యూనిట్ల బ్యాటరీలు, ఎంజీ విండ్సర్‌లో 38, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లో 42, 51.4 యూనిట్ల బ్యాటరీలు వచ్చాయి. కానీ నెల ఖర్చుకు బ్యాటరీ సైజుతో పెద్దగా సంబంధం లేదు. మీరు ఎంత తిరుగుతారు, ఎలా తిరుగుతారు అన్నదే ముఖ్యం.

కంపెనీ ప్రకటించిన రేంజ్‌ను లెక్కలోకి తీసుకోకండి. అది టెస్ట్ పరిస్థితుల్లో వచ్చిన అంకె. కారు డ్యాష్‌బోర్డులో ట్రిప్ స్క్రీన్ చూడండి. కొన్ని కార్లు యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లో చూపిస్తాయి, కొన్ని కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లో చూపిస్తాయి. 143 వాట్ అవర్లు అని ఉంటే వెయ్యిని 143తో భాగించండి, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తుంది. చిన్న కార్లు సిటీలో ఎనిమిది కూడా ఇస్తాయి. కాంపాక్ట్ ఎస్‌యూవీలు ఆరు నుంచి ఏడున్నర మధ్యలో ఉంటాయి. ఎలక్ట్రిక్ కారుకు ట్రాఫిక్ పెద్ద శత్రువు కాదు. బ్రేక్ వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది కాబట్టి కూకట్‌పల్లి, అమీర్‌పేట రద్దీలో కూడా మైలేజ్ ఫర్వాలేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో వెళ్తేనే అంకె పడిపోతుంది. గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికే ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి ఒక్క రోజు ట్రిప్ చూడకండి, నెల సగటు తీసుకోండి.

ఇక్కడ ఉదాహరణగా ఒక కారు తీసుకుందాం. నెలకు 1,050 కిలోమీటర్లు, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లి వస్తూ, వారాంతంలో అటూ ఇటూ తిరిగే కుటుంబానికి ఇది సరిపోయే లెక్క. 1,050ని ఏడుతో భాగిస్తే 150. బ్యాటరీలోకి నెలకు 150 యూనిట్లు చేరాలి.

రెండో పని: దారిలో పోయే కరెంటును కలపండి

బ్యాటరీలోకి 150 యూనిట్లు చేరాలంటే మీటరులో 150 తిరిగితే సరిపోదు. ఇంటి సాకెట్ నుంచి వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీ తీసుకునేది డీసీ కరెంటు. కారులో ఉండే ఛార్జర్ దాన్ని మారుస్తుంది. మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. వైరులో కొంత పోతుంది, ఛార్జింగ్ జరిగినంతసేపు కారులోని కంప్యూటర్లు, పంపులు కొంత వాడుకుంటాయి. మొత్తం మీద నూటికి పది నుంచి పదిహేను యూనిట్లు ఇలా పోతాయి. 12 శాతం అనుకుంటే 150ని 0.88తో భాగించాలి. 170 వస్తుంది. మీరు బిల్లు కట్టేది ఈ 170కి.

చిన్న సాకెట్‌లో మరీ నెమ్మదిగా ఛార్జ్ చేస్తే గంటల కొద్దీ ఆ పంపులు, కంప్యూటర్లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి నష్టం కొంచెం పెరుగుతుంది. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్‌తో కొంచెం తగ్గుతుంది. ఆ తేడా కోసమే పెద్ద ఛార్జర్ పెట్టించుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

మూడో పని: ఇంటి యూనిట్ అసలు ధర కనుక్కోవడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

తెలంగాణలో ఇళ్ల కరెంటు రేట్లు మూడు వరుసల్లో ఉంటాయి. 2022-23 టారిఫ్‌లో వచ్చిన రేట్లు ఇవి. లెక్కకు ముందు మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి.

నెలకు 100 యూనిట్ల లోపు వాడితే: మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయలు, 51 నుంచి 100 దాకా 3.10.

100 దాటి 200 లోపు వాడితే: మొదటి 100 యూనిట్లకు 3.40, 101 నుంచి 200 దాకా 4.80.

200 దాటితే: మొదటి 200 యూనిట్లకు 5.10, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9.00, 401 నుంచి 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు.

జాగ్రత్తగా చూడండి. 200 దాటగానే పైన వాడిన యూనిట్ల రేటు మాత్రమే పెరగదు, కింద ఉన్న 200 యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. కారు వచ్చాక ఇల్లు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరిగిపోతే, ఫ్రిజ్‌కూ ఫ్యాన్లకూ ఇదివరకు తక్కువ రేటుకు వచ్చిన కరెంటు కూడా ఖరీదవుతుంది. ఆ అదనం కూడా కారు ఖాతాలోనే వేయాలి.

అందుకే సరైన పద్ధతి ఒక్కటే. కారు లేకుండా బిల్లు ఎంతో వేయండి, కారుతో ఎంతో వేయండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. మిగిలినదే కారు ఖర్చు.

డిసెంబరు నెల తీసుకుందాం. ఇంట్లో కూలింగ్ ఏసీలు ఆడవు, వాడకం 180 యూనిట్లు. కారు లేకపోతే: 100 యూనిట్లు 3.40 చొప్పున 340, మిగతా 80 యూనిట్లు 4.80 చొప్పున 384, మొత్తం 724 రూపాయలు. కారు 170 యూనిట్లు కలిస్తే 350 అవుతుంది. 200 యూనిట్లు 5.10 చొప్పున 1,020, తర్వాతి వంద 7.70 చొప్పున 770, చివరి 50 యూనిట్లు 9 చొప్పున 450. మొత్తం 2,240. తేడా 1,516 రూపాయలు. దాన్ని 170తో భాగిస్తే యూనిట్‌కు 8.92 రూపాయలు.

ఇదే బిల్లు చూసి చాలామంది 2,240ని 350తో భాగించి, ఇంట్లో యూనిట్ 6.40 పడుతోందని చెబుతారు. ఆ సగటులో ఇంటి వాడకం కూడా ఉంది కాబట్టి కారు ఖర్చు అసలుకంటే చాలా తక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఏప్రిల్ చూద్దాం. రాత్రంతా ఏసీ, కూలర్, రోజుకు రెండుసార్లు మోటారు, వాడకం 420 యూనిట్లు. కారు లేకుండా 1,020, 770, 900, మిగిలిన 20 యూనిట్లకు 190, మొత్తం 2,880. కారు కలిపితే 590 యూనిట్లు, బిల్లు 4,495. తేడా 1,615, అంటే యూనిట్‌కు సరిగ్గా 9.50. ఎండాకాలంలో ఇల్లు అప్పటికే పై స్లాబులో ఉంది కాబట్టి కారు యూనిట్లన్నీ ఆ పై రేటుకే పడతాయి.

రెండు నెలలకూ యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం కలపండి. 170 యూనిట్లకు పది రూపాయలే. కస్టమర్ ఛార్జీ కూడా వాడకం పెరిగేకొద్దీ కొద్దిగా పెరుగుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ లోడు లెక్కన ఉంటుంది కాబట్టి కారు కోసం లోడు పెంచితే అది కూడా కాస్త పెరుగుతుంది. ఇవన్నీ చిన్న మొత్తాలు. మన ఉదాహరణలో డిసెంబరులో 1,526, ఏప్రిల్‌లో 1,625 రూపాయలు అనుకోండి. కిలోమీటరుకు 1.45 నుంచి 1.55.

ఇంట్లో కారు ఛార్జ్ చేస్తే కమర్షియల్ రేటు వేస్తారేమో అని కొంతమందికి భయం. సొంత వాహనాన్ని ఇంటి కనెక్షన్ మీదే ఛార్జ్ చేసుకోవచ్చని, దానికి గృహ రేటే వర్తిస్తుందని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డబ్బు తీసుకుని ఇతరుల బండ్లు ఛార్జ్ చేస్తేనే విషయం మారుతుంది.

200 దగ్గర జాగ్రత్త

తక్కువ తిరిగేవాళ్లకు ఈ భాగం చాలా ముఖ్యం. సరిగ్గా 200 యూనిట్లు వాడితే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 వాడితే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాట. 100 దాటేటప్పుడు కూడా ఇలాంటి గెంతు ఉంది, 92 రూపాయలు.

రిటైరైన దంపతులు, ఇంటి వాడకం 190 యూనిట్లు, కారు నెలకు 120 కిలోమీటర్లే తిరుగుతుంది, 20 యూనిట్లు చాలు అనుకుందాం. 190 యూనిట్లకు 772 రూపాయలు, 210 యూనిట్లకు 1,097. ఆ 20 యూనిట్లకు అయింది 325 రూపాయలు, యూనిట్‌కు 16.25. ఇలాంటి ఇంట్లో ఆ నెలకు బయటి స్లో ఛార్జర్ వాడటమే లాభం కావచ్చు.

కాబట్టి బిల్లు రీడింగ్ తీసే తేదీ ఏదో తెలుసుకుని గుర్తుపెట్టుకోండి. ఆ తేదీకి రెండు మూడు రోజుల ముందు మీటరు చూడండి. 190 దగ్గర ఉండి, కారులో చాలినంత ఛార్జ్ ఉంటే రీడింగ్ అయ్యేదాకా ఆగండి. తర్వాత పెట్టిన ఛార్జింగ్ వచ్చే నెల లెక్కలోకి వెళ్తుంది. అప్పటికే 200 దాటిపోయి ఉంటే ఇక ఆగి ప్రయోజనం లేదు. దాటినందుకు పడాల్సిన దెబ్బ పడిపోయింది, ఆ తర్వాతి యూనిట్లు 7.70కే వస్తాయి. 300, 400 దగ్గర ఇలాంటి గెంతు లేదు. అక్కడ పైన వాడిన యూనిట్ల రేటు మాత్రమే పెరుగుతుంది.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నా ఇదే జాగ్రత్త పడాలి. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది.

నాలుగో పని: బయటి ఛార్జర్ ధరను పూర్తిగా చదవడం

నగరంలో టాటా పవర్, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియాన్, జియో-బీపీ, గ్లైడా లాంటి సంస్థల ఛార్జర్లు మాల్స్‌లో, పెట్రోల్ బంకుల్లో, హోటళ్లలో ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ టీజీరెడ్కో ఏర్పాటు చేయించినవి కూడా ఉన్నాయి. ఒకే సంస్థ ఛార్జర్లకు కూడా ఒక్కోచోట ఒక్కో రేటు ఉండవచ్చు. కాబట్టి మీరు నిజంగా వెళ్లే మూడు నాలుగు చోట్లు, అంటే ఇంటి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటి, ఊరికి వెళ్లే దారిలో ఒకటి ఎంచుకుని వాటి ధరలే రాసుకోండి.

ధర చూసేటప్పుడు మొదటి ప్రశ్న జీఎస్టీ. ఛార్జింగ్ సేవ మీద 18 శాతం పడుతుంది. కొన్ని యాప్‌లు పన్ను కలిపి చూపిస్తాయి, కొన్ని పన్ను లేకుండా చూపించి చివర్లో కలుపుతాయి. యూనిట్ 20 రూపాయలని కనిపించి పన్ను విడిగా ఉంటే మీరు కట్టేది 23.60. ఒక ఛార్జింగ్ చేసి, వచ్చిన బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే అసలు రేటు తేలిపోతుంది.

రెండోది, కరెంటును ఎక్కడ కొలుస్తున్నారన్నది. ఫాస్ట్ ఛార్జర్, అంటే డీసీ ఛార్జర్, కరెంటును తనలోనే మార్చి నేరుగా బ్యాటరీకి పంపుతుంది. మామూలుగా మారిన తర్వాత గన్ (కారుకు తగిలించే ప్లగ్) దగ్గర కొలుస్తారు కాబట్టి ఆ మార్పిడి నష్టం మీ మీద పడదు. ఎండలో బ్యాటరీని చల్లబరచడానికి పోయే కొంచెం కలుపుకుని మన 150 యూనిట్లకు 155 అనుకుంటే చాలు. బయటి స్లో ఛార్జర్, అంటే ఏసీ ఛార్జర్ అయితే కరెంటు కారులోనే మారుతుంది. నష్టం ఇంట్లో లాగే మీదే. అక్కడ 170 వేయాలి. రెండు రకాల రేట్లనూ యూనిట్ లెక్కన పోల్చి చూసేవాళ్లు ఈ తేడాను మరిచిపోతారు.

మూడోది చుట్టూ ఉండే చిన్న ఖర్చులు. ఛార్జింగ్ అయ్యాక కూడా కారు తీయకపోతే కొన్నిచోట్ల నిమిషాల లెక్కన జరిమానా పడుతుంది. మాల్‌లో పార్కింగ్ రుసుము ఉండవచ్చు. ఛార్జర్ కోసం దారి మళ్లి వెళ్లిన కిలోమీటర్లకు కూడా కరెంటు అవుతుంది. వాలెట్‌లో ముందే డబ్బు వేయమనే యాప్‌లు ఉంటాయి. నాలుగు యాప్‌లలో తలా ఐదు వందలు ఇరుక్కుంటే అవి మీకు పనికిరాని డబ్బే. వీలైనంత వరకు రెండు యాప్‌లకు పరిమితం కండి, యూపీఐతో అప్పటికప్పుడు కట్టించుకునేవాటికి ప్రాధాన్యం ఇవ్వండి.

80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జర్ వేగం బాగా తగ్గిపోతుంది. యూనిట్ లెక్కన తీసుకునేచోట దీనివల్ల డబ్బు పెరగదు కానీ మీ టైమ్ పోతుంది, వెనక నిలబడ్డవాళ్ల టైమ్ కూడా పోతుంది. అక్కడికి 80 దగ్గర ఆపేసి బయల్దేరడం మంచి పద్ధతి.

ఐదో పని: అన్నీ కిలోమీటరుకు మార్చి పక్కపక్కన పెట్టండి

యూనిట్ ధరలను పోలిస్తే పొరపాటు వస్తుందని చూశాం కదా. కిలోమీటరుకు మారిస్తే అన్నీ ఒకే కొలతలోకి వస్తాయి. నెల ఖర్చును 1,050తో భాగించండి.

ఇల్లు: 1,526 నుంచి 1,625 రూపాయలు, కిలోమీటరుకు దాదాపు రూపాయిన్నర.

బయటి స్లో ఛార్జర్, యూనిట్ 12 రూపాయలు, పన్నుతో 14.16 అనుకుంటే: 170 యూనిట్లకు 2,407, కిలోమీటరుకు 2.29.

బయటి ఫాస్ట్ ఛార్జర్, పన్నుతో 23.60 అనుకుంటే: 155 యూనిట్లకు 3,658, కిలోమీటరుకు 3.48.

పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుని, కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 7.13. అంటే మొత్తం బయటే ఛార్జ్ చేసినా ఇంధనం ఖర్చు సగానికి తగ్గుతుంది. ఇంట్లో సౌకర్యం లేదన్న ఒక్క కారణంతో ఎలక్ట్రిక్ కారు ఆలోచన మానుకోవాల్సిన పనిలేదు. కానీ నా ఉద్దేశంలో, ఇంట్లోనో ఆఫీసులోనో రోజూ పెట్టుకునే పాయింటు ఒకటి లేకుండా కొనడం కష్టమే. డబ్బు సంగతి అలా ఉంచండి, వారానికి రెండుసార్లు ఛార్జర్ ఖాళీ ఉందో లేదో, పనిచేస్తోందో లేదో అన్న టెన్షన్ మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

మామూలుగా ఎవరూ నూటికి నూరు ఇంట్లోనో, నూటికి నూరు బయటో ఛార్జ్ చేయరు. ఎనభై శాతం ఇంట్లో, ఇరవై శాతం బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర అనుకుంటే డిసెంబరు లెక్కన సగటు కిలోమీటరుకు 1.86 వస్తుంది, నెలకు 1,950 రూపాయలు. విజయవాడ హైవే మీద నెలకోసారి ఊరికి వెళ్లివచ్చే వాళ్లకు బయటి వాటా ఇంకా పెరుగుతుంది. మీ నిష్పత్తి మీరే వేసుకోండి, ఈ పోలికలో చివరి జవాబు అదే.

సెల్లారులో పాయింటు పెట్టించుకోవడం

ఇంటి ఛార్జింగ్‌కూ ఫాస్ట్ ఛార్జింగ్‌కూ మధ్య మన ఉదాహరణలో తేడా నెలకు రెండు వేల పైచిలుకు, ఏడాదికి దాదాపు పాతిక వేలు. మీటరు బోర్డు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు లాగడానికి ఎలక్ట్రీషియన్ ఎంత చెబితే అంతను రెండు వేలతో భాగించండి. ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో తెలుస్తుంది. ఏడాదిలోపు వస్తే ఆలోచించకుండా పెట్టించండి.

ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌కు కూడా గంటల తరబడి ఆగకుండా నిండు లోడు ఉంటుంది. గీజర్ పావుగంటలో ఆగుతుంది, కారు రాత్రంతా లాగుతుంది. మీటరు నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మంచి కంపెనీ 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, విడిగా ఎంసీబీ (లోడు మితిమీరితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. 7.2 కిలోవాట్లకు వైరు ఇంకా లావుగా ఉండాలి, దూరాన్ని బట్టి ఎలక్ట్రీషియన్ చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారు ఛార్జ్ చేయడం మంటలను పిలవడమే. వర్షాకాలంలో నీళ్లు చేరే సెల్లారు అయితే సాకెట్‌ను ఛాతీ ఎత్తులో పెట్టించండి.

3.3 కిలోవాట్లు చాలా, 7.2 కావాలా అని అడిగేవాళ్లకు: రోజుకు 35 కిలోమీటర్లు తిరిగితే ఐదారు యూనిట్లే కావాలి. చిన్న ఛార్జర్ రెండు గంటల్లో ఇస్తుంది. పెద్దది పెడితే మంజూరైన లోడు పెంచుకోవాలి, త్రీ ఫేజ్ తీసుకోవాల్సి రావచ్చు, డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి. ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ కార్లు ఉంటే తప్ప చాలామందికి చిన్నది సరిపోతుంది.

ఎవరి మీటరు నుంచి తీసుకోవాలి

సొంత ఫ్లాట్ మీటరు నుంచి వైరు దిగితే పైన చెప్పిన లెక్కే. దూరం వల్లో, అసోసియేషన్ అభ్యంతరం వల్లో అది కుదరకపోతే వేరే దారులున్నాయి.

కామన్ మీటరు: లిఫ్టు, నీళ్ల మోటారు, కారిడార్ లైట్ల మీటరుకు, భవనంలో సగం పైన నివాసాలే ఉంటే, 200 దాటిన ఇళ్ల వరుస రేట్లే వేస్తారు. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఆ మీటరు 800 దాటి ఉంటుంది కాబట్టి మీ కారు ప్రతి యూనిట్‌కూ పది రూపాయలు పడుతుంది. సబ్ మీటరు పెట్టి పది, పదిన్నర చొప్పున అసోసియేషన్‌కు కడితే ఎవరికీ నష్టం లేదు. మీకు కిలోమీటరుకు 1.62 నుంచి 1.70 పడుతుంది. సబ్ మీటరు లేకుండా నెలకు ఇంత అని మాట్లాడుకుంటే మాత్రం ఆర్నెల్లలో మీటింగులో గొడవ ఖాయం. కొలిచి కట్టండి.

అద్దె ఇల్లు: ఓనరు సబ్ మీటరుకు యూనిట్ 12 రూపాయలు అడిగారనుకోండి. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ లెక్క వేస్తే 170 యూనిట్లకు 2,040, కిలోమీటరుకు 1.94. బయటి స్లో ఛార్జర్ కంటే కూడా తక్కువే. బేరం ఆడండి, కుదరకపోయినా ఒప్పుకోండి.

ఎలక్ట్రిక్ వాహనాల కేటగిరీ మీటరు: ఛార్జింగ్ స్టేషన్ల కోసం టారిఫ్‌లో విడిగా ఒక కేటగిరీ ఉంది, దాంట్లో యూనిట్ 6 రూపాయలు. స్లాబులు లేవు. నలుగురైదుగురు ఎలక్ట్రిక్ కార్ల యజమానులున్న అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ పేరుతో ఇలాంటి కనెక్షన్ తీసుకుంటే మంచి ఏర్పాటు అవుతుంది. 170 యూనిట్లకు 1,020 రూపాయలు, కిలోమీటరుకు 97 పైసలు. దీని మీద లోడు లెక్కన ఫిక్స్‌డ్ ఛార్జీ, కొత్త కనెక్షన్ ఖర్చు ఉంటాయి. ఒక్కరే తీసుకుంటే ఆ ఫిక్స్‌డ్ ఛార్జీ ఆదాలో పెద్ద భాగాన్ని తినేస్తుంది, పదిమంది పంచుకుంటే కనిపించదు. మీ ప్రాంతపు కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి మీ భవనానికి ఎంత లోడు ఇవ్వగలరో, ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందో ముందే అడగండి. దరఖాస్తు తర్వాత కంటే ముందు అడగడం వల్ల చాలా తిప్పలు తప్పుతాయి.

ఇండిపెండెంట్ ఇల్లు ఉండి డాబా ఖాళీగా ఉంటే సోలార్ కూడా లెక్కలో పెట్టండి. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. మన కారుకు కావలసిన 170 యూనిట్లకు ఒకటిన్నర కిలోవాట్ చాలు. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. నెట్ మీటరింగ్‌లో సోలార్ యూనిట్లు మీ బిల్లులో పై స్లాబు నుంచి తగ్గుతాయి. అంటే ఒక్కో యూనిట్ మీకు తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయలు మిగులుస్తుంది. ఎక్కువ వాడే ఇంటికే సోలార్ ఎక్కువ లాభం అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది.

ఈ లెక్క మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి మీటరు బోర్డు దగ్గర పెట్టుకోండి. కొత్త టారిఫ్ మామూలుగా ఆర్థిక సంవత్సరం మొదట్లో అమల్లోకి వస్తుంది కాబట్టి మే నెలలో చేతికొచ్చే బిల్లులో స్లాబు రేట్లను మళ్లీ చూడండి. మారి ఉంటే మూడో పనిలోని రెండు తీసివేతలు కొత్త అంకెలతో మళ్లీ చేయండి. పావుగంట పని. యాప్‌లలో బయటి రేట్లను మాత్రం ప్రతి ఊరి ప్రయాణానికి ముందు చూసుకోవాలి, అవి ఎప్పుడైనా మారతాయి.